తప్పు ఎటు పోవాలి?

మా వృత్తిలో తెలియకపోవడం ఒక సద్గుణం. బయటివాళ్లకి ఇది వింతగా అనిపించవచ్చు. మిగతా వృత్తుల్లో ఎంత తెలిస్తే అంత గొప్ప. సర్వర్ ప్రోగ్రాములు రాసే మా పనిలో మాత్రం ఒక ముక్కకి పక్క ముక్క గురించి ఎంత తక్కువ తెలిస్తే అంత మంచి డిజైన్ అంటాం. డబ్బులు వసూలు చేసే ముక్కకి ఈమెయిల్ పంపే ముక్క లోపల ఏం జరుగుతుందో తెలియకూడదు. తెలిస్తే దాని మీద ఆధారపడుతుంది. ఆధారపడితే రేపు దాన్ని మార్చబోయినప్పుడు ఇదీ కూలుతుంది.

ఈ ఆలోచనకి యాభై ఏళ్లు దాటాయి. 1972లో డేవిడ్ పార్నాస్ అనే శాస్త్రవేత్త ఒక చిన్న వ్యాసం రాశాడు. అప్పటిదాకా ప్రోగ్రాముని పని జరిగే వరసలో ముక్కలు చేసేవాళ్లు: ముందు ఇది, తర్వాత అది. పార్నాస్ అలా వద్దన్నాడు. రేపు మారగల నిర్ణయాలేవో చూసి, ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో ముక్క లోపల దాచమన్నాడు. బయటివాళ్లకి తలుపు తెలిస్తే చాలు, ఇంట్లో సామాను ఎక్కడుందో తెలియక్కర్లేదు.

నేను ఆలోచిస్తున్నది ఈ సద్గుణం మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుందని. "నాకు తెలియదు" అనే మాట కోడ్‌లో డిజైన్. అదే మాట ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో, ప్రభుత్వంలో చాలాసార్లు సాకు. రెండింటికీ మధ్య గీత ఎక్కడ గీయాలి?

నేను ఉండేది గోపన్‌పల్లిలో. పనిచేసేది అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. ఈ మధ్య మా టీమ్ పని ఒక పాత అప్లికేషన్‌ని విడగొట్టడం. జావాస్క్రిప్ట్ బ్రౌజర్ కోసం పుట్టిన భాష. 2009లో ర్యాన్ డాల్ నోడ్ తయారుచేశాక సర్వర్ల మీదికి బాగా పాకింది. ఆ మరుసటి ఏడు వచ్చిన ఎక్స్‌ప్రెస్‌తో ఎవరైనా ఒక సాయంత్రంలో సర్వర్ రాసేయగలిగారు. మా పాత అప్లికేషన్ కూడా అలా రాసిందే. ఏళ్లు గడిచేకొద్దీ పదిమంది చేతులు పడి, అందరి సామానూ ఒకే గదిలో ఉన్న ఇల్లులా తయారైంది. ఎవరు ఏ వస్తువు జరిపినా ఇంకెవరిదో కింద పడుతుంది.

ఈ బాధ మా ఒక్కరిదే కాదు. వాల్‌మార్ట్‌లో ఎరాన్ హ్యామర్ బృందం హాపీ అనే ఫ్రేమ్‌వర్క్ తయారుచేసింది ఇలాంటి అవసరం నుంచే. ఒకే సర్వర్ మీద చాలా టీములు ఒకళ్ల కాళ్లు ఒకళ్లు తొక్కకుండా పనిచేయాలంటే ఎలా? దానికి వాళ్లు ఎంచుకున్న జవాబు ప్లగిన్. ఎవరి ముక్క వాళ్లు రాసుకుని, తెచ్చి సర్వర్‌కి తగిలించాలి. తర్వాత మత్తేయో కొల్లీనా, తొమాస్ దెల్లా వెదోవా అనే ఇద్దరు ఇటాలియన్లు మొదలుపెట్టిన ఫాస్టిఫై ఈ పద్ధతిని ఇంకా ముందుకి తీసుకెళ్లింది. మేం వాడుతున్నది అదే.

ఫాస్టిఫైలో దాదాపు ప్రతిదీ ప్లగినే. ఒక ప్లగిన్‌ని రిజిస్టర్ చేసినప్పుడు దానికోసం ఒక కొత్త గది కడుతుంది. పై గదిలో ఉన్నవన్నీ ఆ గదిలోంచి కనిపిస్తాయి, వాడుకోవచ్చు. కానీ ఈ గదిలో కొత్తగా చేర్చుకున్నది పై గదికి కనిపించదు, పక్క గదికీ కనిపించదు. జావాస్క్రిప్ట్‌లో ముందునుంచీ ఉన్న ప్రోటోటైప్ వారసత్వం మీదే ఇదంతా నడుస్తుంది. పిల్ల తల్లి వైపు చూడగలదు. పిల్ల దగ్గర ఏం చేరినా తల్లి సరుకు మారదు.

ఈ గోడల్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. గోడల విలువ ఊళ్లో పెరిగినవాళ్లకి తెలుస్తుంది. ఊళ్లో అందరికీ అన్నీ తెలుసు. ఎవరింట్లో ఏం వండారో, ఎవరమ్మాయి ఎవరితో మాట్లాడిందో, ఎవరి తాత ఎవరింటి ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచాడో. అంత తెలిసి ఉండటాన్నే ఆత్మీయత అంటాం. కానీ ఆ తెలిసినదంతా ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి మీద వాడటానికే. నగరం ఇచ్చిన మొదటి స్వేచ్ఛ మనం ఎవరికీ తెలియకపోవడం. గోపన్‌పల్లిలో నేను ఇల్లు వెతుక్కున్నప్పుడు ఒక ఓనరు ఇంటిపేరు అడిగి, చాలదన్నట్టు సొంతూరు అడిగి, ఇంకా చాలక "అంటే మీరు ఏమిట్లు?" అన్నాడు. ఆయనకి కావలసింది గోడ లేని ప్రపంచం. నాకు ఆ రోజు కావలసింది గోడే. అద్దె ఎంతో, ఏ తారీఖున ఇవ్వాలో ఆయనకి తెలిస్తే చాలు. నా లోపలి సంగతి ఆయనకెందుకు?

కాబట్టి గోడ ఉండటంతో నాకు పేచీ లేదు. ఆ గోడ దేన్ని ఆపుతోంది, దేన్ని పోనిస్తోంది అనేదే చూడాలి. ఫాస్టిఫై నాకు నేర్పింది ఇక్కడే ఉంది.

ఒక ప్లగిన్ తన గదిలో చేర్చుకున్నది పైకి పోదని చెప్పాను కదా. ఒకటి మాత్రం పోతుంది. తప్పు. ఒక గదిలో ఏదైనా విరిగితే, దాన్ని చూసుకునే ఏర్పాటు ఆ గదిలో ఉంటే అక్కడే ఆగుతుంది. లేకపోతే అది పై గదికి వెళుతుంది. అక్కడా లేకపోతే ఇంకా పైకి. చివరికి మొత్తం అప్లికేషన్‌కి మూలమైన గది దానికి జవాబు చెప్పాలి. "అది కింది ప్లగిన్‌లో జరిగింది, నాకు సంబంధం లేదు" అనే అవకాశం మూలానికి లేదు.

ఇంకో నియమం కూడా ఉంది. అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు ప్రతి ప్లగిన్ తన పని అయిందని చెప్పాలి. ప్రత్యేకంగా మార్చుకుంటే తప్ప, పది సెకన్లలో ఏ కబురూ రాకపోతే ఫాస్టిఫై దాన్ని తప్పుగానే లెక్కేస్తుంది, సర్వర్‌ని లేవనివ్వదు. అక్కడ మౌనాన్ని అంగీకారంగా తీసుకోరు.

ఒక్క వాక్యంలో చెప్పాలంటే: అక్కడ కిందివాడు కూడబెట్టింది కిందివాడి దగ్గరే ఉంటుంది, కిందివాడు మోయలేని తప్పు పైకి పోతుంది. మన చుట్టూ ఉన్న ఏర్పాట్లు సరిగ్గా దీనికి తిరగేసి కట్టినవి. కింద పుట్టిన లాభం పైకి పోతుంది. పైన పుట్టిన తప్పు కిందికి జారుతుంది.

మా ఫ్లోర్‌లో హౌస్‌కీపింగ్ చేసే ఒక అక్క కూడా గోపన్‌పల్లిలోనే, తండా వైపు ఉండేది. పొద్దున ఒక్కోసారి ఒకే షేర్ ఆటోలో పడేవాళ్లం. ఆఫీసులో నన్ను సార్ అనేది, ఆటోలో తమ్మీ అనేది. ఆ రెండు పిలుపుల మధ్య తేడాని ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఒకరోజు ఆటోలోనే అడిగింది: "రెండు నెల్లాయె తమ్మీ, జీతం పడలే. సూపర్‌వైజర్‌ని అడిగితే ఏజెన్సీ ఇయ్యలే అంటడు. ఏజెన్సోళ్లు కంపెనీ నుంచి రాలే అంటరు. మీ ఆఫీసోళ్లేమో ఎప్పుడో ఇచ్చినం అన్నరట. మరి యాడ ఆగినయ్ పైసల్?"

యాడ ఆగినయ్? సర్వర్ పడిపోయినప్పుడు మేం అడిగేది కూడా ఇదే. కబురు ఎక్కడ బయల్దేరింది, ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ ఆగింది. దానికి లాగులు ఉంటాయి, ట్రేసులు ఉంటాయి. వెయ్యి గదులు దాటిన ఒక్క రిక్వెస్టు ఎక్కడ తప్పిపోయిందో నిమిషాల్లో చెప్పగలం. ఆమె జీతం దాటాల్సిన గదులు మూడే. ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పలేకపోయారు, లేదా చెప్పలేదు.

నేను అడ్మిన్‌లో అడిగాను. అక్కడున్నాయన మర్యాదస్తుడే. "అది వెండర్ లెవెల్ ఇష్యూ అండి. మనం ఇన్‌వాయిస్ క్లియర్ చేసేశాం. వాళ్ల పేరోల్ మనకి విజిబుల్ కాదు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే విజిబుల్ కాదు. కనిపించకుండా ఉండటానికే ఆ ఒప్పందాన్ని అలా రాసుకున్నారు. పార్నాస్ భాషలో చెప్తే ఆమె జీతం లోపల దాచిన వివరం, ఇన్‌వాయిస్ తలుపు.

మన చట్టానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో 21వ సెక్షన్ ఉంది. కూలీ ఇవ్వాల్సింది కాంట్రాక్టరే. కానీ అతను ఇవ్వకపోయినా, తక్కువ ఇచ్చినా, ఆ డబ్బు పని చేయించుకున్న అసలు యజమాని చెల్లించాలి. తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవడం యజమాని తలనొప్పి. ఇంకో మాట కూడా ఉంది అందులో. కూలీ పంచేటప్పుడు అసలు యజమాని తరఫు మనిషి ఒకరు అక్కడ ఉండాలి, ఇంత ఇచ్చారని సంతకం పెట్టాలి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, పాత చట్టం వాటిలో కలిసిపోయింది. అయినా కాంట్రాక్టర్ ఎగ్గొడితే యజమాని కట్టాలన్న సూత్రం పోలేదు.

ఆ సెక్షన్ చదువుతుంటే నాకు ఫాస్టిఫై గుర్తొచ్చింది. కింది గది మోయలేని తప్పు పై గదికి పోతుంది. సంతకం పెట్టే మనిషి ఒక లాగు. కంప్యూటర్ మొహం చూడని గుమాస్తాలు 1970లో రాసిన నియమమూ, ఇటలీ కుర్రాళ్లు సర్వర్ కోసం రాసిన నియమమూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. పని ఎంతైనా పంచుకో, బాధ్యతకి మాత్రం ఒక చివర ఉండాలి.

ఆ సెక్షన్ పేర్కొంటూ మెయిల్ పెట్టాను. మూడో మెయిల్ తర్వాత జీతాలు పడ్డాయి. తర్వాతి నెల ఆమె మా ఫ్లోర్‌లో లేదు. శంషాబాద్ వైపు ఏదో సైట్‌కి మార్చారని సూపర్‌వైజర్ చెప్పాడు. అదే నీలం యూనిఫాంలో ఇంకో ఆమె వచ్చింది. నా మెయిల్‌కీ ఆ బదిలీకీ సంబంధం ఉందని ఎవరూ అనలేదు, లేదనీ అనలేదు. ఫ్లోర్ ఎప్పటిలాగే మెరుస్తోంది. ఒక ప్లగిన్ తీసి, అదే తలుపు ఉన్న ఇంకో ప్లగిన్ పెట్టారు. ఏ టెస్టూ ఫెయిల్ కాలేదు.

ఇదంతా కార్పొరేట్ లోకం దుర్మార్గం అనుకుని తప్పుకుందామంటే కుదరదు. ఎవరికీ యజమాని లేని, ఎవరినీ వెండర్ అనని ఓపెన్ సోర్స్ లోకంలోనూ ఇదే జరిగింది. డొమినిక్ టార్ అనే ప్రోగ్రామర్ ఎప్పుడో సరదాగా ఈవెంట్ స్ట్రీమ్ అనే చిన్న లైబ్రరీ రాసి పంచిపెట్టాడు. వారానికి లక్షల డౌన్‌లోడ్లు. అతను దాన్ని వాడటం మానేసి చాలాకాలమైంది. దానిమీద అతనికి పైసా రాదు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి నేను చూసుకుంటానంటే తాళాలు ఇచ్చేశాడు. 2018 సెప్టెంబర్‌లో ఆ మనిషి దానికి ఇంకో చిన్న లైబ్రరీని తగిలించాడు. దాని లోపల కోపే అనే బిట్‌కాయిన్ పర్సులోంచి డబ్బు దొంగిలించే కోడ్ దాగుంది. నవంబర్‌లో గానీ బయటపడలేదు.

బయటపడ్డాక చాలామంది కోపం ఎవరి మీదికి వెళ్లింది? డొమినిక్ టార్ మీదికి. ముందూ వెనకా చూడకుండా తాళాలు ఎలా ఇచ్చావని. ఆ లైబ్రరీ మీద కట్టుకున్న కంపెనీల్లో ఎంతమందికి అది తమ కోడ్‌లో ఉందన్న సంగతైనా తెలుసు? వాళ్లు వాడింది ఏదో పెద్ద ప్యాకేజీని, అది ఇంకోదాన్ని, అది ఇంకోదాన్ని. అడుగున జీతం లేని ఒక మనిషి. లాభం అన్ని మెట్లూ ఎక్కింది, తప్పు అన్ని మెట్లూ దిగి అతని దగ్గర ఆగింది.

"కోడ్‌ని చూసి మనుషుల గురించి నీతులు చెప్పడం ఏమిటి?" అని ఒక స్నేహితుడు అన్నాడు. ప్లగిన్‌కి ఆకలి ఉండదు, దాన్ని పీకేస్తే పిల్లల ఫీజు ఆగదు. నిజమే. అందుకే ఈ పోలికని రెండు వైపులా పట్టుకోవాలి. మనుషులు ప్లగిన్లలాంటి వాళ్లని నేను అనడం లేదు. ప్రాణం లేని ముక్కల విషయంలోనే తప్పు ఎటు పోవాలో ఇంత జాగ్రత్తగా ఆలోచించినవాళ్లం, ప్రాణమున్న వాళ్ల దగ్గర ఆ ఆలోచన ఎందుకు ఆపేశాం అంటున్నాను. కులం పని విభజన మాత్రమే కాదు, పనిచేసే మనుషుల విభజన అని అంబేడ్కర్ 1936లోనే తేల్చాడు. మాడ్యూళ్లుగా కట్టడం పని విభజన. తప్పు ఎప్పుడూ ఒకే రకం మనుషుల దగ్గరికి జారేలా కట్టడం మనుషుల విభజన. మొదటిదాని పేరు చెప్పి రెండోదాన్ని నడిపిస్తున్నాం.

ఈ తేడా తెలుసుకోవడానికి అంత దూరం పోనక్కర్లేదు. తెలంగాణలో కాకతీయుల కాలం నుంచీ పేరున్న గొలుసుకట్టు చెరువులు ఉన్నాయి. అవీ ఒకరకంగా మాడ్యూళ్లే. ఏ ఊరి చెరువుకి ఆ ఊరి కట్ట, ఆ ఊరి తూము, తూము ఎప్పుడు ఎత్తాలో చూసుకునే నీరటి. పై ఊరివాళ్లు ఏ పొలానికి ఎంత నీళ్లు పెట్టుకున్నారో కింది ఊరికి తెలియక్కర్లేదు. అది వాళ్ల లోపలి సంగతి. కానీ అలుగు అలా కాదు. నిండిన నీళ్లు పొర్లి కింది చెరువుకి పోయే దారి అది. అలుగు ఎత్తు పెంచితే వెనక పొలాలు మునుగుతాయి. మూసేస్తే కట్ట తెగి కింది ఊరి మీద పడుతుంది. అందుకే అలుగు ఎవరి సొంత వ్యవహారమూ కాదు.

గోపన్‌పల్లి చుట్టుపక్కల ఇప్పుడు ఎటు చూసినా గోడలే. యూనివర్సిటీ గోడ, కంపెనీల గోడలు, గేటెడ్ కమ్యూనిటీల గోడలు. 2024 జూలైలో తండా దగ్గర ఫ్లైఓవర్ వచ్చాక ఆ జంక్షన్ మీదుగా, కింద ఎవరున్నారో చూడకుండా వెళ్లిపోవచ్చు. గోడలూ ఫ్లైఓవర్లూ తప్పని నేను అనను, నేనూ వాటి మీదే తిరుగుతాను. ఈ గోడలన్నిటికీ అలుగు ఎక్కడ అన్నదే నాకు కనిపించని సంగతి. లోపల ఏదైనా విరిగితే, మోయలేనివాడి నుంచి మోయగలవాడి దగ్గరికి ఆ కబురు పోయే దారి ఎక్కడ పెట్టాం?

నాకు దొరికిన గీత ఇది. నీ పని నువ్వు ఎలా చేస్తావో నాకు తెలియక్కర్లేదు. అది నీ స్వేచ్ఛ, నీ మర్యాద. కానీ నేను చేయించుకున్న పని వల్ల నీకు ఏం జరిగిందో తెలియకుండా ఉండే హక్కు నాకు లేదు. పద్ధతిని దాచవచ్చు, దెబ్బని దాచకూడదు. మొదటి తెలియకపోవడం డిజైన్, రెండోది సాకు. అద్దె ఇంటి ఓనరు మొదటిదాన్ని నాకు ఇవ్వనన్నాడు. అడ్మిన్ ఆయన రెండోదాన్ని తన హక్కు అనుకున్నాడు.

ఫాస్టిఫైలో ఒక ప్లగిన్ తాను ఏ ప్లగిన్ల మీద ఆధారపడిందో పేరుతో సహా ప్రకటించుకోవచ్చు. ప్రకటించినవాటిలో ఒక్కటి లేకపోయినా సర్వర్ లేవదు. మేమే ముందు మా ఆధారాలు రాసుకుందామనుకున్నాం. మా టీమ్‌లో కొందరం కలిసి అడ్మిన్‌ని ఒక్కటే అడిగాం. ప్రతి నెలా పదో తారీఖున, ఈ బిల్డింగ్‌లో పనిచేసే కాంట్రాక్టు మనుషులందరికీ జీతాలు పడ్డాయా లేదా అన్న ఒక్క లైను లిఫ్ట్ పక్కన బోర్డు మీద పెట్టమని. ఎవరి పేర్లూ వద్దు, ఎవరికి ఎంతో వద్దు. అవి వాళ్ల లోపలి సంగతులు. పడ్డాయా, లేదా. అంతే.

అడిగి ఐదు వారాలైంది. జవాబు రాలేదు. ఫాస్టిఫై అయితే పది సెకన్లు చూసేది.